ఆగే దూరం

ట్రాయ్,
2025 ఫిబ్రవరి 6

చెల్లి లూసీకి,

ప్రభువు పేరిట వందనాలు. చేత్తో ఉత్తరం రాసి ఎన్నేళ్లయిందో, పెన్ను పట్టుకుంటే అప్పుడే వేళ్లు లాగుతున్నాయి. నీకు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. మెసేజ్ పెడితే చూసినట్టు కూడా కనిపించడం లేదు. బావకి చేస్తే, "ఇంట్లో శబ్దం కాకూడదంటున్నారు బావా, తర్వాత మాట్లాడతా" అని పెట్టేశాడు. ఉత్తరమైతే మోగదు కదా అని రాస్తున్నాను.

నీరజ్ ఎలా ఉన్నాడో ముందు రాయి. తర్వాత నన్ను తిట్టాలనుంటే తిట్టు.

ఆ శనివారం నువ్వు మీ నేపర్‌విల్ టీమ్ వైపు కూర్చున్నావు, నేను మా వాళ్ల వైపు. నీ కొడుకు ఒక టీమ్, నా కొడుకు ఒక టీమ్. ఎవరు గెలిచినా బిర్యానీ మాత్రం మా ఇంట్లోనే అని కాఫీ తాగుతూ నువ్వే అన్నావు. మూడో పీరియడ్‌లో నీరజ్ పక్ కోసం, ఆ నల్ల రబ్బరు బిళ్ల కోసం, మంచు రింక్ అంచున గోడ దగ్గరికి వెళ్లాడు. మా జూడ్ వాడి మీదికి వెళ్లి భుజంతో గుద్దాడు. ఐస్ హాకీలో దాన్ని చెక్ అంటారని నీకూ తెలుసు. ఈ వయసుకి వచ్చాక కోచ్‌లే నేర్పిస్తారు. నీరజ్ ఆఖరి క్షణంలో ఒళ్లు తిప్పాడు. భుజానికి తగలాల్సింది వీపుకి తగిలింది, వాడి తల గోడకి కొట్టుకుంది. ఆ చప్పుడు నాకింకా చెవిలోనే ఉంది.

నా ఉద్యోగమే గుద్దుకోవడమని నువ్వు వెక్కిరిస్తావుగా. కార్లో బొమ్మల్ని కూర్చోబెట్టి, గోడకి కొట్టించి, తలకి ఎంత తగిలిందో లెక్క కట్టడం తప్ప నాకు ఇంకో పని రాదు. బొమ్మ కాబట్టి ఇన్నేళ్లు చేయగలిగాను.

రెఫరీ రెండు నిమిషాల పెనాల్టీ ఇచ్చి ఊరుకున్నాడు. అయితే పిల్లాణ్ణి స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు కాబట్టి లీగ్ వాళ్లు విచారణ పెట్టారు. అది గట్టి దెబ్బా, దొంగ దెబ్బా అన్నది తేలుస్తారట. దెబ్బ తగిలిన టైమ్‌కి నువ్వు ఫోన్‌లో వీడియో తీస్తున్నావు, నేను చూశాను. మీ వైపు నుంచి అంతా బాగా కనబడి ఉంటుంది. అది నాకు పంపు లూసీ.

మీ వదిన రొయ్యల పచ్చడి పెట్టింది. ఎవరైనా అటు వస్తుంటే పంపిస్తాను.

నీ అన్నయ్య,
సుందర్ రాజ్

*

నేపర్‌విల్,
2025 ఫిబ్రవరి 13

అన్నయ్యకి,

ఉత్తరం అందింది. ఇంట్లో ఫోన్లన్నీ మూగగా పెట్టాం. మోగితే వాడు తల పట్టుకుంటాడు. కర్టెన్లు తీయడం లేదు. టీవీ లేదు, మిక్సీ లేదు. పచ్చళ్లూ పొడులూ ఉన్నవాటితోనే గడుస్తోంది.

నీరజ్ పడుకుంటాడు, లేస్తాడు, కొంచెం తింటాడు, మళ్లీ పడుకుంటాడు. పుస్తకం తెరిస్తే అక్షరాలు కదులుతున్నాయట. నిన్న పాల డబ్బా తీసుకెళ్లి గిన్నెల అల్మరాలో పెట్టాడు. నేను చూసి, తీసి ఫ్రిజ్‌లో పెట్టాను. కన్‌కషన్‌కి, తల లోపల అదిరిన దెబ్బకి, టైమ్ పడుతుంది, కంగారు పడకూడదు అని హాస్పిటల్‌లో ఎంతమంది తల్లులకి చెప్పి ఉంటానో. ఇప్పుడు నాకు మిగతా నర్సులు చెబుతున్నారు. నేను తల ఊపుతున్నాను.

నాకేమీ అనిపించడం లేదు అన్నయ్యా. డ్యూటీకి వెళుతున్నాను, వస్తున్నాను, చారు పెడుతున్నాను. ఏడుపు రావాలి కదా అని అనుకుంటాను, రాదు.

వీడియో నేను చూడలేదు. ఫోన్ మార్చేసి ఆ ఫోన్ సొరుగులో పడేశాను.

మీ చర్చి లీలావతి ఆంటీ నాకు మెసేజ్ పెట్టింది. బుధవారం ఫోన్ ప్రార్థనలో నువ్వు, "మా కుటుంబం వల్ల జరిగిన అపరాధాన్ని క్షమించు ప్రభువా" అన్నావట, వింటుంటే ఆవిడకి కన్నీళ్లు ఆగలేదట. దేవుడి దగ్గర అపరాధం అని ఒప్పుకుని, నాకు రాసిన ఉత్తరంలో మాత్రం వాడే తిరిగాడు అని రాశావు. రెండింట్లో ఏది నిజమో నాకు చెప్పు. జూడ్ మా అబ్బాయి గురించి ఒక్క మాటైనా అడిగాడా?

లూసీ

*

ట్రాయ్,
2025 ఫిబ్రవరి 19

చెల్లికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాకు కోపం కూడా వచ్చింది. దాచుకోవడం దేనికి.

ప్రార్థనలో ఎవరం ఎలా మాట్లాడతామో నీకు తెలియదా? నరసాపురంలో నాన్న భోజనం ముందు చేసే ప్రార్థనలో కూడా మేము పాపులం, అయోగ్యులం అనేవాడు. అంటే ఆ పూట నాన్న ఎవరింట్లోనో దొంగతనం చేసి వచ్చాడనా? పిల్లాడు మంచం మీద ఉంటే మోకాళ్ల మీద నుంచి వచ్చే మాట అదే. దాన్ని ఆంటీ నీకు మోసుకొచ్చింది, నువ్వేమో పట్టుకుని కోర్టులో లాయర్‌లా నన్ను నిలదీస్తున్నావు.

నీకేమీ అనిపించడం లేదని రాశావు. మా మీద నీకు ఏమీ లేదు, మేము ఏమైపోయినా నీకు పట్టదు అన్నట్టుంది అది. అలా అయితే సూటిగా రాయి, అర్థం చేసుకుంటాను.

ఇక దెబ్బ సంగతి. ఈ పది రోజులుగా రూల్స్ పుస్తకం నా పక్కలోనే పడుకుంటోంది. మనిషిని పక్ నుంచి తప్పించడానికి భుజంతో ఎంత గట్టిగా గుద్దినా అది ఆటే. తలకి గురిపెడితే తప్పు. దూరం నుంచి పరుగు తీసి ఎగిరి కొడితే తప్పు. అవతలివాడి వీపు మీద నంబర్ కనిపిస్తుంటే ఆగాలి, ఆగకుండా గోడకేసి కొడితే అది దొంగ దెబ్బ, అందులో రెండో మాట లేదు. కానీ వాడు ఎదురుగా ఉన్నాడనుకుని నువ్వు బయలుదేరాక, తగిలే ముందు వాడు తిరిగితే? అప్పుడు కొట్టినవాడిది తప్పు కాదంటారు. కారు బ్రేక్ వేసినా ఆగడానికి కొంత దూరం కావాలి కదా, ఇదీ అలాంటిదే. ఆ దూరం ఉందా లేదా అన్నదే విచారణ. అందుకే వీడియో అడుగుతున్నాను. మావైపు తీసిన వీడియోల్లో రెఫరీ అడ్డం వచ్చాడు.

తప్పు అని తేలితే జూడ్‌కి ఈ సీజన్ అయిపోయినట్టే. వాళ్ల టీమ్‌లోకి తీసుకోవచ్చా అని వాణ్ణి చూడడానికి మిన్నెసోటా నుంచి ఒక కాలేజ్ కోచ్ వస్తున్నాడు. ఆ రోజూ వచ్చాడు. దొంగ దెబ్బ కొట్టేవాడన్న పేరు పడితే ఆయన మళ్లీ రాడు. నాలుగేళ్ల వయసు నుంచి తెల్లారకముందే లేపి రింక్‌కి తీసుకెళ్లాను. వాడికి ఇంకేం తెలియదు లూసీ.

జూడ్ అడగలేదు. ఎవరితోనూ మాట్లాడడం లేదు. పళ్లెం గదిలోకి తీసుకెళ్లి తింటున్నాడు. వాడికీ దెబ్బ తగిలిందనే అనుకో.

అన్నయ్య

*

నేపర్‌విల్,
2025 ఫిబ్రవరి 26

అన్నయ్యకి,

వీడియో మీ బావ పంపాడు. అందిందా?

నేను రాసింది నీకు అర్థం కాలేదు. మీ మీద ఏమీ అనిపించడం లేదని కాదు. అసలు ఏమీ అనిపించడం లేదు. పంటికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక చెంప ఉంటుంది కానీ మనది కాదన్నట్టు ఉంటుందే, ఒళ్లంతా అలా ఉంది. మొన్న మంచు పడితే మీ బావ ఊళ్లో లేడు, నేనే పార పట్టి డ్రైవ్‌వే అంతా తోశాను. లోపలికి వచ్చి చూసుకుంటే అరచెయ్యి బొబ్బ ఎక్కి పగిలి ఉంది. ఎప్పుడు పగిలిందో తెలియదు.

హాకీ బ్యాగ్ గరాజ్‌లోనే ఉంది. ఇదివరకు ఆ వాసనకి ముక్కు మూసుకుని వాడి మీద అరిచేదాన్ని. ఇప్పుడు వాసన రావడం లేదు, లేక నాకు తెలియడం లేదు. జిప్ తీయలేదు.

గట్టి దెబ్బకీ దొంగ దెబ్బకీ తేడా గురించి నువ్వు రాసింది చదివాను. బాగా రాశావు. పక్క గదిలో వాడు ఉన్నాడు. తేడా వాడికి చెప్పాలంటే ఏం చెప్పాలో తెలియలేదు. న్యాయంగా తగిలితే తలనొప్పి తక్కువ ఉంటుందా?

నీ కొడుక్కి మంచి జరగాలని ప్రార్థన చేద్దామని కూర్చున్నాను. మాటలు వచ్చాయి. చేశాననే అనుకో.

రొయ్యల పచ్చడి పంపకు. వాడికి వాసనలు పడడం లేదు.

లూసీ

*

ట్రాయ్,
2025 మార్చి 4

చెల్లికి,

దేవునికి స్తోత్రం. తేలిపోయింది. తప్పు కాదన్నారు.

మీ వీడియో లేకపోతే ఏమయ్యేదో. విచారణ చేసినవాళ్లు దాన్ని మెల్లగా తిప్పి తిప్పి చూశారట. నీరజ్ ఎదురుగానే ఉన్నాడు, జూడ్ బయలుదేరాడు, వాడు తల ఎత్తి చూశాడు, చూసి తిరిగాడు. అది కొట్టేవాడు ముందుగా ఊహించగలిగేది కాదు అని రాశారు. గట్టి దెబ్బే, నిబంధనల లోపలి దెబ్బే అన్నారు. ఆ రెండు నిమిషాల పెనాల్టీతో సరి. నీ మనసు ఎలా ఉన్నా వీడియో పంపావు, ఈ మేలు మర్చిపోను.

ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పాను. అందరూ లేచి నిలబడ్డారు. మీ వదిన ఏడ్చేసింది. కాలేజ్ కోచ్ కూడా ఈ నెలాఖరుకి వస్తానన్నాడు.

జూడ్‌కి చెబితే "ఓకే" అన్నాడు. అంతే. భోజనానికి కిందికి వస్తాడనుకున్నాను, రాలేదు. ఇన్నాళ్ల బరువు కదా, దిగడానికీ టైమ్ పడుతుందేమో.

ఈస్టర్‌కి మేమంతా మీ దగ్గరికి రావచ్చా? ఇప్పుడు ముఖం చూపించగలం అనిపిస్తోంది. నీరజ్ మెరుగైతే సంతోషం. ఒక మాట రాయి.

అన్నయ్య

*

నేపర్‌విల్,
2025 మార్చి 13

అన్నయ్యకి,

నీ సాక్ష్యం చూశాను. మీ చర్చి లైవ్ పెడుతుంది కదా. చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వంటింట్లో నిలబడి చూశాను. దేవుడు నా కొడుకుని నిర్దోషిగా నిలబెట్టాడు అన్నావు. అందరూ ఆమెన్ అన్నారు. అందులో నీరజ్ పేరు లేదు. మర్చిపోయి ఉంటావు. నాకు బాధ వేయలేదు, లేదని మాత్రం గమనించాను.

నీరజ్ మెరుగే. ఈ వారం పూర్తి వాక్యాలు మాట్లాడుతున్నాడు. మధ్యాహ్నం కొంచెంసేపు కర్టెన్ తీయనిస్తున్నాడు. చదవడం ఇంకా కుదరడం లేదు. హిస్టరీ పరీక్షకి ఎలాగా అని మొదటిసారి దిగులు పడ్డాడు. దిగులు పడడం మంచి గుర్తే అన్నాడు డాక్టర్.

సోమవారం అన్నం తింటూ, "మమ్మీ, బావ ఎప్పుడొస్తాడు?" అని అడిగాడు. నేను చారు వడ్డించాను. తనే మళ్లీ, "బావ ఫీలవుతున్నాడా? తిరిగింది నేనే కదా" అన్నాడు. ఎందుకు తిరిగావు నాన్నా అని అడిగాను. అడుగుతానని నేను కూడా అనుకోలేదు.

వాడు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. మీ ఇంటి వెనక చెరువు గడ్డకట్టినప్పుడు వీళ్లిద్దరికీ ఒక ఆట ఉందట. క్రిస్మస్ సెలవులకి మేము వచ్చినప్పుడల్లా ఆడతారట. నీరజ్ వీపు తిప్పి నిలబడతాడు. జూడ్ అవతలి ఒడ్డు నుంచి స్కేట్ల మీద ఉన్న స్పీడ్ అంతా పెట్టి వచ్చి, సరిగ్గా వీపు దాకా వచ్చి ఆగుతాడు. మంచు పొడి నీరజ్ మెడ మీద పడుతుంది. కదలకుండా నిలబడితే వాడు గెలిచినట్టు. మనం లోపల టీ తాగుతూ పిల్లల నవ్వులు వినేవాళ్లం కదా, అప్పుడు ఆడేది ఇదే.

"ఆ రోజు తల ఎత్తి చూస్తే బావ వస్తున్నాడు మమ్మీ. ఇంకెవరైనా అయితే తిరగను. బావే కదా అని తిరిగాను. ఆగుతాడు, రెఫరీ వింతగా చూస్తాడు, తర్వాత కార్లో నవ్వుకోవచ్చు అనుకున్నా. ఈసారి ఆగలేకపోయాడు పాపం."

ఇదీ వాడు చెప్పింది.

రాత్రి డ్యూటీకి వెళ్లే ముందు సొరుగులోంచి ఫోన్ తీసి వీడియో చూశాను. విచారణవాళ్లు రాసినట్టే ఉంది. వాడు తల ఎత్తాడు, చూశాడు, తిరిగాడు. తిరిగేటప్పుడు నవ్వుతున్నాడు. హెల్మెట్ జాలీలోంచి పళ్లు కనబడుతున్నాయి. ఆ సంగతి వాళ్లు రాయలేదు, వాళ్లకి తెలియదు కాబట్టి.

ముందుగా ఊహించగలిగేది కాదు అన్నారు వాళ్లు. లోకంలో ఎవరికీ ఊహించడానికి వీల్లేదు, ఒక్క జూడ్‌కి తప్ప. వాడికి తెలుసా అన్నయ్యా, వీడు తిరుగుతాడని? నేను అడగడం లేదు. నువ్వు అడుగు. ఈస్టర్ సంగతి ఆ తర్వాత చూద్దాం.

లూసీ

*

ట్రాయ్,
2025 మార్చి 23

లూసీకి,

అడిగాను. ముందు నాలుగు రోజులు అడగలేకపోయాను, నీ ఉత్తరం కోటు జేబులో పెట్టుకుని తిరిగాను. ఇవాళ చర్చి అయ్యాక పార్కింగ్‌లో, మీ వదిన లోపల ఎవరితోనో మాట్లాడుతుంటే, కార్లో అడిగాను.

వాడు ముందు అద్దంలోంచి బయటికి చూస్తూ చెప్పాడు. "నాకు తెలుసు డాడీ. వాడు నన్ను చూసి స్మైల్ చేశాడు. టర్న్ అవుతాడని తెలుసు." మరి ఆగడానికి టైమ్ లేదా అన్నాను. లేదు అంటాడని ఎంత ఆశపడ్డానో నీకు చెప్పలేను. "ఉంది. పాండ్ మీద ఇంకా తక్కువ ఉండేది."

ఎందుకురా అన్నాను. "కాలేజ్ కోచ్ చూస్తున్నాడు. స్టాప్ చేస్తే సాఫ్ట్ అంటారు. కజిన్ అని వదిలేశాడు అంటారు. ఎలాగూ క్లీన్ హిట్ అనే అంటారని కూడా తెలుసు. వాడికి అంత తగులుతుంది అనుకోలేదు." అది చెప్పి సీట్ బెల్ట్ పెట్టుకున్నాడు. మీ వదిన వచ్చింది, ఇంటికి వచ్చేశాం.

వాడు పోయిన వారమే టీమ్ కోచ్‌కి ఇదంతా చెప్పాడట. ఆయన, "అది క్లీన్ అని పేపర్ మీద ఉంది, నువ్వు ఆలోచించడం మానేయ్" అన్నాడట. ఇంటికి రాగానే లీగ్‌లో ఒకాయనకి నేను ఫోన్ చేశాను. కొట్టినవాడి మనసులో ఏముందో మేము చూడము, తగిలిన తీరు చూస్తాము, ఫైల్ మూసేశాము అన్నారు. రూల్స్ పుస్తకం మళ్లీ తీశాను. ఇద్దరు పిల్లల మధ్య ఉన్న ఆట గురించి అందులో ఏమీ లేదు.

నేను నిలబడి అంతమందిలో నిర్దోషి అన్నాను లూసీ. నాకు ఇప్పుడు సిగ్గుగా ఉంది. 

వచ్చే శనివారం వాణ్ణి తీసుకొస్తున్నాను. కాలేజ్ కోచ్ వచ్చేదీ ఆ రోజే. ఆ మ్యాచ్‌కి వెళ్లనని జూడ్ చెప్పేశాడు, నేను బతిమాలలేదు. నీరజ్‌కి వాడే చెబుతానన్నాడు. వద్దంటే బావ చేత ఒక మెసేజ్ పెట్టించు, వెనక్కి తిరుగుతాం.

సుందర్

*

నేపర్‌విల్,
2025 మార్చి 31

అన్నయ్యకి,

మీరు క్షేమంగా చేరారని మీ బావ చెప్పాడు. నువ్వు కింద సోఫాలో కూర్చుని చేతులు చూసుకుంటున్నప్పుడు పైన ఏం జరిగిందో నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. కార్లో జూడ్ కూడా చెప్పి ఉండడు. అందుకే రాస్తున్నాను.

నేను బట్టలు మడతపెడుతున్నట్టు గది బయటే నిలబడ్డాను. జూడ్ కుర్చీ మంచం దగ్గరికి లాక్కోలేదు, తలుపు దగ్గరే కూర్చున్నాడు. కొంచెంసేపు ఇద్దరూ ఏదో వీడియో గేమ్ గురించి మాట్లాడుకున్నారు. తర్వాత జూడ్ చెప్పాడు.

"నాకు తెలుసు రా. నువ్వు మన గేమ్ ఆడుతున్నావని."

"తెలుసా?"

"యా."

"ఆగచ్చు కదా."

"ఆగచ్చు."

నా కొడుకు అరుస్తాడనుకున్నాను, పొమ్మంటాడనుకున్నాను. వాడు, "హిస్టరీ చాప్టర్ చదివి పెడతావా? నాకు లైన్స్ మూవ్ అవుతాయి" అన్నాడు. నీ కొడుకు చదివాడు. మధ్యలో ఆగి, నీళ్లు తాగి మళ్లీ చదివాడు. నీరజ్ కళ్లు మూసుకుని విన్నాడు. వచ్చే నెల ఇంకో చాప్టర్ ఉంది, రా అన్నాడు.

అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇన్నాళ్లూ ఎక్కడుందో తెలియదు, చేతిలో ఉన్న తువ్వాలు గోడకేసి కొట్టాను. బాత్‌రూమ్‌లోకి వెళ్లి కుళాయి తిప్పి, వాడికి వినబడకుండా ఏడ్చాను. అరచేతిలో ఇంకా మానని పుండు మండింది. మండుతోందని తెలిసింది.

వాడు అంత తేలిగ్గా ఎలా వదిలేశాడో నాకు అర్థం కావడం లేదు. తలకి దెబ్బ తగలబట్టా, లేక వాడి స్వభావమే అంతేనా? నాకు చేత కావడం లేదు అన్నయ్యా. క్షమించాలని తెలుసు, ఆదివారం ఆదివారం వింటూనే ఉన్నాను. నీ కొడుకు నిజం చెప్పాడనీ తెలుసు, చెప్పకపోయినా అడిగేవాళ్లు ఎవరూ లేరనీ తెలుసు. ఇవన్నీ తెలిసే కోపంగా ఉంది. దయచేసి దీన్ని మీ చర్చిలో ప్రార్థన మనవి చేయకు.

ఈస్టర్‌కి రావద్దు. వచ్చే నెల జూడ్‌ని మాత్రం పంపు. రమ్మన్నది నీరజ్, నేను కాదు, ఆ సంగతి వాడికి చెప్పే పంపు. వస్తే అన్నం పెడతాను. ఎదురుగా కూర్చుని మాట్లాడమంటే ఇప్పుడు నా వల్ల కాదు.

లూసీ